కోడి దాణాలో కారం ఎంత?

మా ల్యాబ్‌లో కొత్తగా చేరినవాళ్లకి నేను మొట్టమొదట నేర్పేది గ్లవ్స్ విప్పడం. మణికట్టు దగ్గర పట్టుకుని, లోపలివైపు బయటికి వచ్చేలా తిరగేసి లాగాలి. నేను చేరిన కొత్తలో ఇది తెలియక, మిరప సారం, అదే ఆలియోరెసిన్ అంటిన వేళ్లతోనే జారిపోతున్న కళ్లజోడు పైకి తోసుకున్నా. ముక్కు మీద నిప్పు కణిక పెట్టినట్టే. గుంటూరు దాన్ని, కొరివికారం ముద్దలు తిని పెరిగినదాన్ని, మధ్యాహ్నం దాకా ఏడుస్తూ కూర్చున్నా. నీళ్లు పోస్తే ఇంకా పాకింది. చివరికి మా అటెండర్ బాబాయ్ వచ్చి, "నీళ్లాపు తల్లీ, ఇది నూనె సరుకు, నూనెకే లొంగుద్ది" అని దూదితో కొబ్బరినూనె రాసి తుడిపించి, ఆ తర్వాత సబ్బు పెట్టించాడు.

మిరప పొడిని హెక్సేన్ లాంటి సాల్వెంట్‌లో నానబెట్టి, ఆ సాల్వెంట్‌ని ఆవిరి చేసేస్తే అడుగున మిగిలే చిక్కటి ఎర్ర జిగురే ఆలియోరెసిన్. కారం, రంగు, వాసన అన్నీ అందులోకే దిగుతాయి. బాగా నడిచే రకాల్లో ఒకదానిలో మంట పుట్టించే పదార్థం కాప్సైసిన్ 6.6 శాతం, అంటే ఘాటుని కొలిచే స్కోవిల్ లెక్కలో సుమారు 10 లక్షలు. మిర్చి యార్డులో ఘాటుకి పేరున్న తేజ కాయ కూడా దీనిముందు బలాదూర్.

గుంటూరులో మిరపకాయల ల్యాబ్ అంటే ఎగుమతి సరుకు, పురుగుమందుల అవశేషాలు, ఇవే అనుకుంటారు. నా బల్ల మీదకి మాత్రం ఈమధ్య కోళ్ల దాణాలో, పశువుల దాణాలో కలిపే పొడులు ఎక్కువగా వస్తున్నాయి. మిరప, పసుపు, దాల్చినచెక్క, వాము, మెంతులు... వీటి సారాన్ని సిలికా పొడికి పట్టించి ప్యాకెట్లలో అమ్ముతున్నారు. బరువు పెరగడానికి దాణాలో యాంటీబయాటిక్స్ కలపడాన్ని యూరప్‌లో 2006 జనవరి నుంచి పూర్తిగా ఆపేశారు. మన దగ్గర కోళ్లకి, పశువులకి కొలిస్టిన్ అనే యాంటీబయాటిక్ వాడకాన్ని 2019లో నిషేధించారు. ఆ ఖాళీలోకి పోపుల డబ్బా దూరింది. తమాషా ఏంటంటే యూరప్ చట్టంలో ఇవి మందుల లెక్కలోకి రావు, రుచి, వాసన ఇచ్చే పదార్థాల కింద నమోదవుతాయి. పసుపు ఆలియోరెసిన్‌కి అక్కడ అన్ని జంతువుల దాణాలోనూ 2021లో అనుమతి వచ్చింది అలాగే.

మరి కోడికి కారం రుచి ఏం తెలుస్తుంది? నిజానికి తెలియదు. మనకి కారం మంటగా తెలిసేది నరాల చివర ఉండే ఒక గ్రాహకం వల్ల. పక్షుల్లోనూ అది ఉంటుంది కానీ కాప్సైసిన్‌కి పలకదు. డేవిడ్ జూలియస్ బృందం 2002లోనే ఇది చూపించింది. ఆ గ్రాహకాన్ని కనిపెట్టినందుకే ఆయనకి 2021లో నోబెల్ వచ్చింది. పంజరంలో చిలక్కి పండుమిరపకాయ పెట్టిన మన పెద్దవాళ్లు ఇదంతా ఎప్పుడో చూసే ఉంటారు. కల్లంలో ఎండబోసిన కాయల మీద కోళ్లు పడి గింజలు ఏరుకు తింటుంటే కర్రతో అదిలించడం నా చిన్నప్పటి డ్యూటీ. ఒక్క కోడి కూడా నోరు మండి పారిపోగా నేను చూడలేదు.

కాబట్టి కోళ్ల దాణాలో మిరప సారం కలిపేది నాలుక కోసం కాదు, పేగు కోసం. 'జీర్ణశక్తి పెంచును, ఎండదెబ్బ తట్టుకొనును, గుడ్లు పెంచును' అని ప్యాకెట్ మీద రాసుకుంటారు. అవి నిజమో కాదో ఫారంలో కోళ్ల మీద చూసి తేల్చాల్సిన సంగతి. నేను చెప్పగలిగేది ఒకటే, ఇంత శాతం ఉందని రాసిన సారం అందులో అంత ఉందా లేదా అన్నది. ఆ చిన్న ప్రశ్నకే ఒక్కోసారి వారం పడుతుంది.

కిందటేడు ఒక గుడ్ల ఫారం ఆయన ఇలాంటి ప్యాకెట్ పట్టుకొచ్చాడు. కాప్సైసిన్ 2 శాతం అని ముద్ర ఉంది, టన్ను దాణాకి 100 గ్రాములు కలపాలట. "మోసం అనిపిస్తోందమ్మా, చూసి చెప్పండి" అన్నాడు. మామూలు పద్ధతిలో చేశాను. పొడి తూచి, మిథనాల్ పోసి, షేకర్ మీద పెట్టి, వడగట్టి, పదార్థాల్ని విడదీసి కొలిచే హెచ్‌పీఎల్‌సీ మెషీన్‌కి ఎక్కించాను. కాలమ్ అనే సన్నటి స్టీలు గొట్టంలోంచి ద్రావణం వెళ్తుంటే కాప్సైసిన్, దాని తమ్ముడు డైహైడ్రోకాప్సైసిన్ వేర్వేరు సమయాల్లో బయటికొస్తాయి. 1912లో స్కోవిల్ ఈ పనే మనుషుల నాలుకల మీద చేశాడు, చక్కెర నీళ్లలో పలచన చేస్తూ మంట తెలియనంతవరకు. మెషీన్‌కి నోరు మండదు. 1.1 శాతం అని చూపించింది. రెండోసారి చేశాను, 1.1. మూడోసారి, 1.2. మూడూ కలిశాయి కదా అని ధైర్యంగా రిపోర్టు టైపు చేశాను. అమ్మినవాడు దొంగ అని నా మనసులో తీర్పు కూడా అయిపోయింది.

సంతకానికి తీసుకెళ్తే మా సర్ రిపోర్టు వంక చూడనేలేదు. "పొడి నీళ్లలో వేసి చూశావా?" అన్నారు.

వేశాను. మునగలేదు. సగ్గుబియ్యం నూకలాంటి గింజలు నీటి పైన దొర్లుతున్నాయి, తడి కూడా అంటడం లేదు. వేళ్ల మధ్య నలిపితే కొవ్వొత్తిలా జారింది. అప్పుడు అర్థమైంది. కారం నేరుగా తగలకుండా, పేగులోకి వెళ్లాకే విడుదలవ్వాలని గట్టి కొవ్వు పూత పూశారు. కోడి కడుపు వేడికి, జీర్ణరసాలకి తెరుచుకోవలసింది, ఏసీ గదిలో చల్లటి మిథనాల్‌కి ఎందుకు తెరుచుకుంటుంది? నలిగిన గింజల్లోంచి కారినంత సరుకే నాకు 1.1గా కనిపించింది. మూడుసార్లూ ఒకే తప్పు చేశాను కాబట్టి మూడుసార్లూ ఒకే అంకె వచ్చింది.

ఈసారి ఇథనాల్ తీసుకున్నా. ఫ్లాస్కు మీద కండెన్సర్ బిగించి వాటర్ బాత్‌లో 70 డిగ్రీల దగ్గర గంట ఉంచాను. గింజలు కరిగి అడుగున నూనె చేరింది. ఆ వేడి మీదే మెషీన్‌కి ఎక్కిస్తే చల్లారిన కొవ్వు కాలమ్‌లో పేరుకుని ప్రెషర్ పెరిగిపోతుంది, ఆ కాలమ్ ఖరీదు నా జీతంలోంచి కోస్తారేమోనని టెన్షన్. అందుకని ఫ్లాస్కుని ఫ్రిజ్‌లో పెట్టి, కొవ్వంతా తెల్లగా పేరుకున్న నెయ్యిలా గడ్డకట్టాక, పై ద్రావణం మాత్రం లాగి వడగట్టాను. 1.96 శాతం. ఫారం ఆయనకి ఫోన్ చేస్తే సంతోషించలేదు. "అయితే మరి గుడ్లెందుకు పెరగలేదు?" అన్నాడు.

అక్కడితో ఆగలేదు. కలిపిన దాణా కూడా పంపిస్తాను, అందులో ఎంతుందో చెప్పమన్నాడు. లెక్క చూడండి. 100 గ్రాముల పొడిలో 2 గ్రాముల కాప్సైసిన్, అది టన్ను దాణాలో కలిస్తే కిలోకి 2 మిల్లీగ్రాములు. చుట్టూ మొక్కజొన్న, సోయా చెక్క, తౌడు, వాటి నూనెలు, రంగులు. ఇలాంటి రుచి పదార్థాలు చాలావాటికి, కలిపాక దాణాలో కచ్చితంగా కొలవడం సాధ్యం కాదని యూరప్ వాళ్ల రిఫరెన్స్ ల్యాబే ఒప్పుకుంటుంది. కలపకముందు పొడిలో గుర్తు పదార్థాన్ని కొలిచి ఊరుకుంటారు, పసుపైతే దానికి ఆ రంగునిచ్చే కర్కుమినాయిడ్లు మొత్తం, అలాగన్నమాట. నేను ఆయనకి చెప్పింది వేరు. మిక్సర్‌లోంచి పదిచోట్ల పది నమూనాలు తీయండి, అవి ఒకదానికొకటి దగ్గరగా ఉన్నాయో లేదో చూస్తాను, అసలు సమానంగా కలుస్తోందో లేదో తెలుస్తుంది అన్నాను. ఆయన నమూనాలు ఇంకా రాలేదు.

అడిగిన దాన్ని మాత్రమే టెస్ట్ చేస్తే సరిపోదని నాకు ఇంకోచోట తెలిసింది. పచ్చసొన ఎర్రగా రావడానికి దాణాలో మిరప రంగు కలుపుతారు, అది తప్పేం కాదు. కానీ 2006లో చైనాలో ఎర్ర సొన ఉన్న బాతు గుడ్లు పట్టుకుని చూస్తే, బాతుల మేతలో సూడాన్ రంగు దొరికింది. బూట్ల పాలిష్‌లో వాడే జాతి రంగు అది. కాబట్టి ఎవరైనా రంగు ఎంతుందో చెప్పమంటే, ఆ రంగు ఎవరిదో కూడా చూస్తాను.

ఇక మా అమ్మ సంగతి. ఊళ్లో రెండు గేదెలు. కిందటి నెల కొత్త దాణా సంచి కొంటే, పెద్ద గేదె గాబులో మూతి పెట్టి వెనక్కి తీసేసిందట. అమ్మ హార్లిక్స్ సీసాలో గుప్పెడు దాణా పోసి, బస్సు కండక్టర్ చేతికిచ్చి పంపించింది. మూత తీస్తే గుప్పున మెంతుల వాసన. పశువులు ఇష్టంగా తినాలని మెంతి సువాసన కలపడం మామూలే. కానీ ఆ మెంతుల కింద ఇంకో వాసన, ముక్కిన వాసన.

బూజు వదిలే విషం అఫ్లాటాక్సిన్‌కి సొంత వాసన ఉండదు. వాసన బాగున్న సరుకులోనూ అది ఉండొచ్చు. అయినా చేసి చూశాను. అఫ్లాటాక్సిన్ బి1 కిలోకి 34 మైక్రోగ్రాములు వచ్చింది, మన పశుదాణా ప్రమాణం 20. గేదె తిన్న ఈ విషంలో కొంత అఫ్లాటాక్సిన్ ఎం1గా మారి పాలల్లోకి దిగుతుంది, కాచినా పోదు. ఆ పాలు తాగేది మా అక్క కొడుకు. వానకి తడిసిన తాలు కాయలు, సారం తీసేశాక మిగిలే మిరప పిప్పి చివరికి ఎటు పోతాయో నాకు తెలుసు. హెక్సేన్‌లో అఫ్లాటాక్సిన్ పెద్దగా కరగదు, కాబట్టి సారం శుభ్రంగా వచ్చినా విషం చాలావరకు పిప్పిలోనే ఉండిపోతుంది. ఈ సంచిలో తప్పు చెక్కదో, మొక్కజొన్నదో, పిప్పిదో నేను చెప్పలేను. మెంతి వాసన మాత్రం దాన్ని కప్పెట్టింది.

కంగారుగా ఫోన్ చేస్తే అమ్మ తాపీగా, "నువ్వు చెప్పేదాకా ఆగుతానా? గేదె ముట్టలేదని ఆ రోజే సంచి కొట్టువాడికి తిప్పి ఇచ్చేశా. బదులు ఇంకోటిచ్చాడు" అంది.

"అదే కంపెనీదా అమ్మా?"

"అదే. ఈసారి వాసన బానే ఉంది. గేదె తింటోంది కూడా."

ఆదివారం బస్సుకి ఇంకో హార్లిక్స్ సీసా పంపమన్నాను.