ఖాళీ కేసు లోపల చూడాల్సిన గాడి

అమెరికాలో ఇంట్లోనే తూటాలు రీలోడ్ చేసుకునేవాళ్ళు, అంటే పేలిన ఖాళీ కేసులో మళ్ళీ మందు, బుల్లెట్ పెట్టి వాడేవాళ్ళు, పౌడర్ గురించి మాట్లాడినంతగా ఇత్తడి కేసు (తూటా బయటి గొట్టం) గురించి మాట్లాడరు. .308 వించెస్టర్ లాంటి రైఫిల్ తూటాకి అసలు జాగ్రత్త కేసు దగ్గరే మొదలవ్వాలి. (మన దేశంలో సంగతి వేరు. 1959 ఆయుధ చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తూటాలు తయారుచేస్తే నేరం.)

పేలిన కేసుని మళ్ళీ కొలతకి నొక్కే అచ్చు సైజింగ్ డై. దాన్ని మరీ కిందికి బిగిస్తే కేసు భుజం (మూతి కింద వాలుగా సన్నబడే భాగం) అవసరానికి మించి వెనక్కి పోతుంది. దాంతో ఛాంబర్‌లో (తుపాకీలో తూటా కూర్చునే చోటు) కేసు ముందు ఖాళీ మిగులుతుంది. మళ్ళీ పేల్చినప్పుడు ఆ ఖాళీ మేరకు కేసు సాగి, అడుగుకు కాస్త పైన గోడ పలచబడుతుంది. ఇలా నాలుగైదుసార్లు జరిగితే అక్కడే తెగొచ్చు. ముందు ముక్క ఛాంబర్‌లో ఇరుక్కుంటుంది, వేడి గ్యాస్ వెనక్కి తన్నుతుంది. బోల్ట్ రైఫిల్‌కి (ప్రతిసారీ చేత్తో బోల్ట్ లాగి తూటా ఎక్కించేది) భుజం వెనక్కి 0.001 నుంచి 0.002 అంగుళం జరిగితే చాలు. అది కంపారేటర్‌తో (కేసు అడుగు నుంచి భుజం వరకు కొలిచే పనిముట్టు) కొలిచి తేల్చుకోవాల్సిందే, కంటి అంచనా పనికిరాదు.

పేపర్ క్లిప్ చివర చిన్న కొక్కెంలా వంచి, మొన పదును పెట్టి, లోపలి గోడ వెంట అడుగు నుంచి పైకి లాగండి. గోడ పలచబడ్డచోట పడిన గాడిలో మొన తట్టుకుందా, ఆ కేసుని ప్లయర్‌తో నలిపి పారేయండి. పలచబడ్డచోట బయట కనిపించే మెరుపు చారనే నమ్మొద్దు, డై ఆగినచోట కూడా అలాంటిదే పడుతుంది.

కేసు పొడవు సైజింగ్ అయ్యాకే కొలవాలి. 2.015 అంగుళాలు దాటితే 2.005కి ట్రిమ్ చేయాలి. లేదంటే కేసు మూతి ఛాంబర్ అంచుకి నొక్కుకుని బుల్లెట్‌ని పట్టేస్తుంది, ప్రెషర్ ఒక్కసారిగా పెరుగుతుంది.