బస్సు టికెట్ సున్నా, ఆటోకి రెండు వందల యాభై

మహబూబ్‌నగర్ బస్టాండు నుంచి ఆలంపూర్ చౌరస్తా నూరు కిలోమీటర్లకు పైనే ఉంటుంది. అంత దూరం పైసా ఖర్చు లేకుండా వచ్చాను. చౌరస్తాలో దిగి జోగులాంబ గుడికి ఆటో అడిగితే రెండు వందల యాభై అన్నాడు.

"స్పెషల్ అయితే గంతే మేడం. వచ్చేటప్పుడు ఖాళీగ రావాలె నేను. షేరింగ్ అయితే ముప్పై. నిండితేనే కదులుత."

మిట్టమధ్యాహ్నం. నిండటానికి అక్కడ నేనూ, పాల క్యాన్లు పక్కన పెట్టుకుని కూర్చున్న ఒక తాతా తప్ప ఎవరూ లేరు. ఊళ్లోకి వెళ్లే పల్లెవెలుగు అప్పుడే పోయిందట. ఆటో అతని లెక్క అతనిది, డీజిల్ పోసుకునేది అతను. కానీ నేను ఈ ఏడాది ఖర్చుకు పెట్టుకున్నది నెలకు 12,000, అంటే రోజుకు 400. అందులో 250 ఒక్క ఆటోకే పెడితే ఆ పూట తిండీ రాత్రి పడకా మిగిలిన నూటయాభైలో రావాలి. కదలకుండా నీడలో కూర్చున్నాను. గంట దాటాక పెబ్బేరు వైపు బస్సులోంచి ఒడిబియ్యం సంచులతో ఆడవాళ్ల గుంపు ఒకటి దిగింది. శుక్రవారం కలిసొచ్చింది. ఆటో క్షణాల్లో నిండింది, నా వాటా ముప్పై.

రెండేళ్లు హైదరాబాద్‌లో ఉద్యోగం చేసి, దాచుకున్నదాంట్లోంచి 1,44,000 పక్కన పెట్టి గ్యాప్ ఇయర్ తీసుకున్నాను. మాది జగిత్యాల. గోదావరి ఒడ్డు ఊళ్లన్నీ చిన్నప్పుడే చూశాను కాబట్టి ఈసారి కృష్ణా, తుంగభద్రల వైపు రావాలనుకున్నాను. నాన్నది కిరాణా దుకాణం. రాత్రి షట్టర్ సగం దించి, పొడవాటి చిట్టా పుస్తకంలో ఆ రోజు పద్దులన్నీ రాసి గానీ అన్నానికి వచ్చేవాడు కాదు. అలాంటి పుస్తకమే ఒకటి కొనుక్కున్నాను. ఫోన్లో యాప్‌లు ఉన్నాయి, వాడి చూశాను కూడా. చేత్తో రాస్తేనే ఆ డబ్బు ఎటు పోయిందో నాకు గుర్తుంటుంది.

పద్ధతి చెప్తాను, ఎవరికైనా పనికొస్తుంది. ఒకటో తారీకున 12,000 ఒక ఖాతాలో వేస్తాను. ఫోన్‌పేకి ఆ ఒక్క ఖాతానే కలిపి ఉంది. దాచుకున్న మిగతా సొమ్ము ఉన్న ఖాతా ఫోన్లో లేదు, బ్యాంకుకి వెళ్లాల్సిందే. కాబట్టి బ్యాలెన్స్ ఎంత చూపిస్తే నెలకు మిగిలింది అంతే. 84 రోజుల రీచార్జి, చెప్పులు లాంటివి కొన్న నెల మీదే వేస్తే ఆ నెల లేనిపోని బీదరికంగా కనిపిస్తుంది. వాటిని మూడు నెలలకు పంచి రాస్తాను. రోజుకు 400 అన్నది గీటురాయే గానీ కట్టుబాటు కాదు. ఒకరోజు 900 అవుతుంది, ఒకరోజు 120తో గడుస్తుంది. నెల చివర కూడితే గానీ ఏదీ తేలదు.

మామూలు పద్దులతో పాటు రెండు కొత్త గడులు పెట్టాను. మొదటిది "బస్సు మిగులు". 2023 డిసెంబర్ 9 నుంచి మన తెలంగాణలో ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులు ఉచితం. ఆధార్ ఒరిజినల్ చూపిస్తే కండక్టర్ జీరో టికెట్ కొట్టిస్తాడు. ఆ టికెట్ చూసి ఖర్చు లేదు అని వదిలేస్తే లెక్క లెక్క కాదు. అందుకని పక్కన కూర్చున్న మగవాళ్లను "మీ టికెట్ ఎంత తీసుకున్నారండీ" అని అడిగి, ఆ మొత్తం ఆ గడిలో రాస్తాను. ఒకరిద్దరు అనుమానంగా చూశారు గానీ చాలామంది టికెట్ తీసి చూపించారు.

రెండో గడి పేరు "ఒక్కదాన్నే అయినందుకు". అది పెట్టాల్సి వచ్చింది ఒక లాడ్జి వల్ల. ఊరి పేరు రాయను. బస్టాండు పక్కనే ఉంది, బోర్డు మీద నాన్ ఏసీ 500 అని రాసి ఉంది. సాయంత్రం ఏడు కూడా కాలేదు. ఆధార్ కౌంటర్ మీద పెట్టాను.

"ఎంతమంది?"

"నేనొక్కదాన్నే."

ఆధార్ వెనక్కి నెట్టాడు. "సింగిల్ లేడీకి ఇయ్యం మేడం. మీ ఇంట్లోళ్లు ఎవరన్న వస్తే జెప్పుండ్రి."

"రూములు ఖాళీ లేవా?"

"ఉన్నయి. ఇయ్యం. మా సేటు ఒప్పుకోడు."

నా వెనకే వచ్చిన ఒక ఒంటరి మగమనిషికి ఒక్క ప్రశ్న లేకుండా తాళం చెవి ఇచ్చాడు. పక్క లాడ్జిలో నాన్నతో ఫోన్లో మాట్లాడించమన్నారు. నాకు పాతికేళ్లు దాటాయి. ఓటు వేస్తాను, పన్ను కట్టాను. గుర్తింపు కార్డు చూపించిన మేజర్ మహిళకు గది ఇవ్వకూడదనే చట్టం ఈ దేశంలో ఎక్కడా లేదు. మూడోచోట ఇస్తామన్నారు, ఏసీ గది అయితేనే. 1,100. చీకటి పడింది, తీసుకున్నాను. ఆ రాత్రి పుస్తకంలో బస కింద 1,100 రాసి, అందులో అదనంగా పోయిన 600 కొత్త గడిలో కూడా రాశాను. కోపం తగ్గలేదు, ఇప్పుడు ఇది రాస్తున్నా తగ్గలేదు. ఆ 600 నేను వాడుకున్న సౌకర్యానికి పోలేదు. జనవరి చలిలో ఏసీ వేసుకునేది ఎవరు?

ఆ గడిలోకి తర్వాత ఆటోలు కూడా చేరాయి. పగలు షేరింగ్‌లో ఇరవై పెట్టి వెళ్లిన దారికే రాత్రి ఎనిమిది దాటితే స్పెషల్ మాట్లాడుకోవాలి. మగవాళ్లయితే నడిచిపోతారు.

ఆలంపూర్ దగ్గరికి మళ్లీ వస్తాను. నవబ్రహ్మ ఆలయాలు బాదామి చాళుక్యులు కట్టించినవి, ఏడు, ఎనిమిది శతాబ్దాల నాటివి. చాలావరకు మన వైపు అలవాటైన గోపురాల్లా మెట్లు మెట్లుగా ఉండవు. శిఖరం వంపు తిరిగి పైకి లేచి, నెత్తిన గాడులు గాడులుగా చెక్కిన పెద్ద ఉసిరికాయ లాంటి రాయితో ఆగుతుంది. బాలబ్రహ్మ గుడిలో పూజలు జరుగుతున్నాయి, మిగతా గుళ్లలో చాలాసేపు నేనొక్కదాన్నే ఉన్నాను. అక్కడ ఒంటరిగా ఉన్నందుకు ఎవరూ ఏమీ అడగలేదు. శ్రీశైలం బ్యాక్‌వాటర్ రాకుండా కట్టిన గోడ ఎక్కి తుంగభద్రను చూస్తూ పులిహోర తిన్నాను. కొబ్బరికాయ, చెప్పుల స్టాండు, పులిహోర కలిపి వందలోపే. రాత్రికి కర్నూలు పోతే లాడ్జిలు ఎక్కువ అన్నారు. కానీ వంతెన దాటితే ఆంధ్ర, మన జీరో టికెట్ అక్కడ నడవదు. వాళ్ల స్త్రీశక్తి ఉచిత బస్సులు అక్కడి చిరునామా ఉన్నవాళ్లకే. వెనక్కి మహబూబ్‌నగర్ బస్సే ఎక్కాను.

ఆ బస్సులో కొత్తకోట దగ్గర ఎక్కిన అమ్మాయి వల్ల నా నెల మొత్తం మారింది. డీఎస్సీకి కోచింగ్ తీసుకుంటోంది, ఒళ్లో తెలుగు మెథడాలజీ పుస్తకం. నేను పద్దులు రాస్తుంటే తొంగి చూసి, "అక్కా, రూముకి పదకొండు వందలా?" అని అదిరిపడింది. వాళ్ల లేడీస్ హాస్టల్లో నెలకు 4,500, మూడు పూటలా తిండితో. పరీక్షలకు వచ్చే అమ్మాయిలకు రోజు లెక్కన కూడా ఇస్తారట, 250. "మా మేడంని అడుగుదాం రా అక్కా, ఒక మంచం ఖాళీగానే ఉంది" అంది. ఆ రాత్రే మెట్టుగడ్డ దగ్గర దిగి తనతో వెళ్లాను. మేడం ఆధార్ జిరాక్స్ తీసుకుంది, ఇంటి నంబర్ రాసుకుంది, గేటు తొమ్మిదిన్నరకు వేస్తామని చెప్పింది. ఒక్కదానివే ఎందుకు వచ్చావని అడగలేదు. అక్కడున్న వాళ్లందరూ ఒంటరిగా వచ్చినవాళ్లే కదా.

కోచింగ్ సెంటర్లున్న ఊళ్లలో సాధారణంగా ఇలాంటి హాస్టళ్లు ఉంటాయి. ప్రయాణం గురించి రాసేవాళ్లెవరూ ఈ మాట ఎందుకు రాయరో నాకు తెలియదు.

అక్కడ మకాం పెట్టి పొద్దున వెళ్లి రాత్రి గేటు వేసేలోపు రావడం మొదలుపెట్టాను. గద్వాల కోట, జూరాల, మన్యంకొండ అన్నీ అలాగే చూశాను. పిల్లలమర్రికి నడిచే వెళ్లాను, ఊరి నుంచి నాలుగు కిలోమీటర్లే. ఏడు వందల ఏళ్ల చెట్టు అంటారు. 2017 చివర్లో చెదలు పట్టి కొమ్మలు కూలితే మూసేసి, సెలైన్ సీసాలు కట్టి మందు ఎక్కించి బతికించారు. ఆ ఊడలు చూస్తుంటే మొదలు ఏదో తేల్చుకోవడం కష్టం.

సాయంత్రాలు రోడ్డు పక్క జొన్నరొట్టెలు. హాస్టల్లో రాత్రి అన్నం ఉన్నా, వారంలో కొన్నిసార్లు వాటికోసమే బయటికి వచ్చేవాళ్లం. కట్టెల పొయ్యి మీద పెద్ద పెనం. ఆమె పిండిని రెండు అరచేతుల మధ్య తట్టి తిప్పుతూ, పెనం మీద వేసి, తడిగుడ్డతో పైన ఒక్కసారి తుడుస్తుంది. రొట్టె 20, పక్కన ఎండుమిర్చి పల్లీల పొడి ఉత్తగానే వేస్తుంది. జగిత్యాలలో మక్కరొట్టె తిని పెరిగిన నాకు జొన్న ఇంత మెత్తగా వస్తుందని తెలియదు.

తిండి కంటే ఎక్కువ కనబడకుండా పోయేది నీళ్లకు. లీటరు సీసా 20, రోజుకు రెండు కొంటే నెలకు 1,200, నా బడ్జెట్‌లో పదో వంతు. స్టీలు సీసా ఒకటి సంచిలో వేసుకుని హాస్టల్ ఫిల్టర్ దగ్గరా, వాటర్ ప్లాంట్ల దగ్గరా నింపుకుంటున్నాను. నల్లగొండ వైపు ఫ్లోరైడ్ భయంతో ఈ ప్లాంట్లు ఊరూరా వచ్చాయి. మిషన్ భగీరథ నల్లా నీళ్లు వచ్చాక కూడా చాలామంది క్యాన్ నీళ్లే తాగుతున్నారు. అడిగితే సీసా నింపుకోనిస్తారు.

నల్లగొండకు కల్వకుర్తిలో బస్సు మారి, దేవరకొండ మీదుగా వెళ్లాను. జడ్చర్ల దాటగానే సద్దిగిన్నెలతో కూలి ఆడవాళ్లు ఎక్కారు. కాలు పెట్టే చోటు లేదు. నిలబడ్డ ఒకాయన గట్టిగానే అన్నాడు, "ఆడోళ్లకు ఫిరీ ఇచ్చి, పైసలు పెట్టినోనికి నిలబడ జాగ లేకుండ జేసిండ్రు." నా పక్కనున్నామె తిరిగి చూడకుండానే, "నీ పెండ్లాం గూడ గీ బస్సులనే పోతది గద అన్నా" అంది. ఆయన కూడా నవ్వాడు. ఆయన బాధ అబద్ధం కాదు, బస్సులు పెరగలేదు, మనుషులు పెరిగారు.

ఆమె పల్లికాయ ఏరడానికి పోతోంది. నా పుస్తకం చూసి ఏం రాస్తున్నావని అడిగితే బస్సు మిగులు గడి చూపించాను. తన లెక్క తను చెప్పింది. "మా ఊర్లె కూలి మూడు నూర్లు. అవుతల ఊర్లె నాలుగు నూర్లు ఇస్తరు. ఇంతకుముందు ఆటోకు రానుపోను అరవై. నలభై కోసం గంతదూరం ఏం బోతం అని పోకపోతుంటిమి. ఇప్పుడు నూరుకు నూరు మిగులుతది బిడ్డా. నెలకు ఇరవై దినాలు బోతే రెండువేలు." పుస్తకం లేదు, పెన్ను లేదు, పల్లీలు ఒలుస్తూనే చెప్పింది. ఆ రెండువేలు బిడ్డ ఇంటర్ ఫీజుకట. తర్వాత, "రాత్రి యాడ పంటవ్?" అంది. హాస్టల్ అని చెప్తే, దిగేముందు ఉడకబెట్టిన పల్లీలు నా సంచిలో దోసెడు పోసింది.

పానగల్లు ఛాయా సోమేశ్వరం చూశాను. గర్భగుడిలో లింగం వెనక స్తంభం నీడ పగలంతా కదలకుండా పడే తీరును ఎంతసేపైనా చూడొచ్చు. నాగార్జునసాగర్‌ను మాత్రం వానాకాలానికి వాయిదా వేశాను. 26 గేట్లూ ఎత్తినప్పుడు చూడాలని ఉంది.

నెలాఖరున కూడితే 11,590. బస 5,400, తిండి 2,900, ఆటోలు 1,640, మిగతావి చిల్లర మల్లర. నేను ఎదురుచూసింది ఆ రెండు గడుల కోసం. బస్సు మిగులు 2,150. ఒక్కదాన్నే అయినందుకు 1,870. ఆడదాన్ని కాబట్టి ఒక చేత్తో వచ్చింది, ఆడదాన్ని కాబట్టే ఇంకో చేత్తో దాదాపు పోయింది. ఆ 1,870లో ఒక్క రూపాయి కూడా హాస్టల్లో చేరాక లాడ్జి కింద పడింది కాదు.

ఆ అంకె హాస్టల్ అమ్మాయిలకు చూపించాను. చైత్ర పున్నమికి నల్లమలలో సలేశ్వరం జాతర, ఏడాదికి ఆ కొద్దిరోజులే అడవిలోకి వదులుతారు, నువ్వొక్కదానివే పోతే మళ్లీ ఆ గడే నిండుతుంది, మేమూ వస్తాం అన్నారు. అచ్చంపేట దాకా జీరో టికెట్, అక్కడి నుంచి బండి ఆరుగురం పంచుకోవాలి. తలా మూడు వందలు ముందే జమ చేయాలనీ, లెక్క నేనే రాయాలనీ తేల్చారు. ఇద్దరు అప్పుడే ఫోన్‌పే చేశారు. మిగతా వాళ్లు ఒకటో తారీకు ఇంటి నుంచి డబ్బులు రాగానే ఇస్తామన్నారు.