నవంబర్ 8, శనివారం: లైఫ్ సర్టిఫికెట్ల నెల

1971 యుద్ధానికి వెళ్లిన కుర్రాళ్లలో అందరికంటే చిన్నవాళ్లకి కూడా ఇప్పుడు డెబ్బై దాటేసింది. మిలిటరీ మాధవరం లాంటి సైనికుల ఊళ్లలో నవంబరొస్తే పల్టన్ (పటాలం) వాళ్లు ఒకరి గుమ్మం ఒకరు తొక్కుతారు. బతికే ఉన్నామని ఏటా ఇచ్చే లైఫ్ సర్టిఫికెట్ అందక పెన్షన్ ఎవరికీ ఆగకూడదు.

ఈ రోజంతా అదే పని. ఫోన్లో ఆధార్ ఫేస్ ఆర్డీ, జీవన్ ప్రమాణ్ యాప్‌లు రెండూ ఉండాలి. ఆధార్, పీపీఓ (పెన్షన్ మంజూరు ఉత్తర్వు), బ్యాంకు ఖాతా నంబర్లు దగ్గర పెట్టుకోవాలి. అరిగిన వేళ్లకి వేలిముద్ర పడదు, ముఖమే నయం. వెలుతురు ఎదురుగా ఉండాలి, వెనక కిటికీ ఉండకూడదు. చాలామంది దెబ్బతినేది మాత్రం వేరేచోట. రక్షణ శాఖే నేరుగా పెన్షన్ ఇచ్చే ఆన్‌లైన్ వ్యవస్థ స్పర్శ్‌లోకి మారాక కూడా పెన్షన్ ఇచ్చేది పాత బ్యాంకేనని యాప్‌లో నొక్కేస్తారు. ప్రమాణ్ ఐడీ (సర్టిఫికెట్ నంబరు) వస్తుంది, పనైపోయిందనుకుంటారు. సర్టిఫికెట్ స్పర్శ్‌కి చేరదు.

అసలు గండం ఒకరు పోయాకే. పీపీఓలో భార్య పేరు ఒకలా, ఆధార్‌లో ఇంకోలా ఉంటే ఫ్యామిలీ పెన్షన్ ఆగుతుంది. అప్పటి కాగితాల్లో తెలుగు పేరు గుమాస్తా చెవికి ఎలా వినబడితే అలా ఎక్కింది. ఆవిడ పుట్టిన తేదీ గడి ఖాళీగా ఉంటే 80 నిండాక రావాల్సిన 20 శాతం అదనం దానంతటది మొదలవదు. 85కి 30, 90కి 40 శాతం. ఈ లెక్క ఆవిడకి చెప్పేదెవరు? పిల్లలు ఎక్కడో ఉంటారు, నాన్న ఆర్మీ నంబరు వాళ్లకి తెలియదు. యుద్ధంలో పక్క మోర్చాలో (కందకంలో) పడుకున్నవాడికి తెలుసు.

యుద్ధంలో బడ్డీకి, అంటే జోడీ సైనికుడికి, దెబ్బ తగిలితే వాడి జేబులోని ఫీల్డ్ డ్రెస్సింగే (గాయానికి కట్టే కట్టు) తీసి వాడికి కట్టాలి, మనది మనకి ఉంచుకోవాలి. అది ఏ జేబులో ఉందో చీకట్లో కూడా చేతికి తెలిసి ఉండాలి. వాడి పీపీఓ ఏ ట్రంకుపెట్టెలో ఉందో తెలియడం కూడా అలాంటిదే.

తప్పులు మనిషి ఉండగానే దిద్దించాలి. భార్య ఆధార్, పుట్టిన తేదీకి రుజువు పట్టుకుని జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళ్లాలి. అక్కణ్ణుంచి ఆయన రెజిమెంట్ కాగితాలుండే రికార్డ్స్ ఆఫీసుకి: మద్రాస్ రెజిమెంట్ అయితే వెల్లింగ్టన్, ఆర్టిలరీ అయితే నాసిక్, మద్రాస్ సాపర్లయితే బెంగళూరు. ఆయన సంతకం ఉన్నంతకాలం ఒక్క దరఖాస్తుతో కదిలే పని, పోయాక అఫిడవిట్ల మీద అఫిడవిట్లతో నడుస్తుంది.

ఇవాళ చూసిన కాగితాల్లో ఒక పీపీఓలో భార్య పుట్టిన తేదీ గడి ఖాళీ. ఆయనకి 78, ఆవిడకి 74. ఇవాళ రెండో శనివారం, ఆఫీసు మూత. సోమవారం పొద్దున్న బస్సుకి ఇద్దరినీ ఎక్కించాలి.