అరిగింది ప్లాస్టిక్కు, నింద నాకు

కుర్చీలోంచి లేచి వేసే మొదటి అడుగులకు గజ్జల్లో పోటు వచ్చేది. కాస్త నడిస్తే సర్దుకొనేది. నడుము పూసల్లో లోపమని కొన్నాళ్లు మందులు వాడించారు. తుంటికి ఎక్స్‌రే తీశాకే అసలు సంగతి బయటపడింది. 2003లో అమర్చిన కృత్రిమ తుంటిలో లోహపు బంతి గిన్నెకు నడుమ ఉండాల్సింది, పైకి జరిగి ఉంది.

గిన్నె లోపల పాలిథిలీన్ అనే ప్లాస్టిక్ పొర ఉంటుంది. పాత రకం పాలిథిలీన్ ఏటా సుమారు 0.1 మిల్లీమీటరు చొప్పున అరిగేది. అసలు చిక్కు ఆ అరిగిన పొడితోనే. కంటికి కనబడని రేణువులను మన రక్షక కణాలు మింగుతాయి కానీ హరించుకోలేవు. ఆ పెనుగులాటలో ఎముకను కరిగించే కణాలు రెచ్చిపోతాయి. నాకు గిన్నె వెనక ఎముక అలా కరిగి, గిన్నె వదులైంది. "కింద కూర్చొని ఉంటావు, అందుకే" అన్నారు మా పెద్దత్తయ్య. ఆపరేషన్ అయిన దగ్గర్నుంచి నేను పీట ముఖం చూడలేదు!

ముందు ఇన్ఫెక్షన్ లేదని తేలాలి. రక్తంలో ఇ.ఎస్.ఆర్., సి.ఆర్.పి. (ఒంట్లో వాపును పట్టిచ్చే పరీక్షలు) చూశారు, కీలులోంచి సూదితో నీరు తీశారు. క్రిములుంటే అన్నీ తీసేసి, యాంటీబయాటిక్ కలిపిన సిమెంటు ముద్ద పెట్టి, వారాల తరువాత మళ్లీ కోయాలట. రిపోర్టు వచ్చేదాకా "వస్తువు పాడైతే చాలు స్వామీ" అని మొక్కుకున్నాను. మొక్కు ఫలించింది.

ఇక రెండో ఆపరేషన్. తొడ ఎముకలో దించిన, బంతిని మోసే లోహపు కాడ గట్టిగానే ఉంది, దాన్ని కదపలేదు. అయితే దాని కొనకు సరిపడే బంతి కావాలంటే కంపెనీ, సైజు తెలియాలి. పాత డిశ్చార్జి కాగితాలకు అంటించిన స్టిక్కర్లను మా ఆయన బీరువాలో భద్రంగా దాచారు. సర్జన్‌గారి మెప్పంతా ఆయనకే దక్కింది. కరిగిన చోట దాత ఎముక ముక్కలు కూరి, కొత్త గిన్నెను స్క్రూలతో బిగించారు. లోపలి పొర ఇప్పటి రకం, తక్కువ అరిగే పాలిథిలీన్. పాత కాడ మీద సిరామిక్ బంతి నేరుగా పెట్టకూడదని నడుమ టైటానియం తొడుగు వేశారు.

మొదటిసారి మర్నాడే కాలు మోపి నడిచాను. ఈసారి ఆరు వారాలు కాలివేళ్లు మాత్రమే ఆనించాలన్నారు. కీలు తప్పే ముప్పు రెండోసారి ఎక్కువ కాబట్టి రాత్రిళ్లు కాళ్ల నడుమ దిండు, కాలు మీద కాలు వేయరాదు, ముందుకు వంగరాదు.

తుంటి పక్క కండరం ఇంకా పూర్తిగా కుదుటపడలేదు, సాయంత్రానికి కుంటు కనిపిస్తుంది. చేతికర్ర బయటికి తీసుకెళ్తాను గానీ బడికి కాదు. ఐదో తరగతి పిల్లలు దానితో క్రికెట్ ఆడతారు.