మొటిమల మందుకు మూడు నెలల ఓపిక

పీజీలో చేరిన ఏడాది నా గడ్డం, బుగ్గల నిండా మొటిమలు లేచాయి. లోపల గట్టిగా గడ్డ కట్టి, దిండుకు చెంప ఆనిస్తే ప్రాణం పోయేది. “ఒంట్లో వేడి మే, మజ్జిగ తాగు” అనేది మా అవ్వ. తిరుపతి ఎండల్లో ఆ మాట ఎవరికైనా నిజమే అనిపిస్తుంది.

మందుల షాపులో ఒక ట్యూబు ఇచ్చారు. కొన్నాళ్లకే మొహం నున్నగా, తెల్లగా తేలింది. ఆపగానే మంటతో, ఎర్రగా, మునుపటికన్నా గుంపులుగా వచ్చాయి. రుయా ఆస్పత్రి స్కిన్ ఓపీలో మేడమ్ ఆ ట్యూబు తిప్పి, వెనక సన్న అక్షరాల్లో ఉన్న ‘బీటామెథసోన్’ని గోటితో చూపించారు. స్టెరాయిడ్ అది. వాపును పైకి అణిచేస్తుంది, రాస్తూపోతే చర్మాన్ని పలచన చేస్తుంది. తెల్లబడతావమ్మా అంటూ దీన్ని ఆడపిల్లల చేతుల్లో పెట్టేవాళ్లను తలచుకుంటే నాకిప్పటికీ కోపం వస్తుంది.

ఈడొచ్చాక హార్మోన్ల వల్ల చర్మంలోని గ్రంథులు నూనె ఎక్కువగా ఊరిస్తాయట. చచ్చిన కణాలు ఆ నూనెతో కలిసి రంధ్రాన్ని మూసేస్తాయి. లోపల బ్యాక్టీరియా పెరిగి వాపు వస్తుంది. అది మురికి కాదు గనక ఎంత సబ్బు రుద్దినా పోదు. నెలసరి సరిగ్గా వస్తోందా అని కూడా అడిగారు, హార్మోన్లు తారుమారై నెలసరి తప్పే పీసీఓఎస్‌లోనూ ఇలా వస్తాయి కాబట్టి. తలకు పెట్టే కొబ్బరినూనె నుదుటి మీదికి దిగనివ్వొద్దన్నారు.

రెండు పూత మందులు రాసిచ్చారు: పొద్దున బ్యాక్టీరియాను చంపే 2.5 శాతం బెంజాయిల్ పెరాక్సైడ్, రాత్రి రంధ్రాలు మూసుకుపోకుండా చూసే 0.1 శాతం అడాపలీన్. అడాపలీన్ మొత్తం మొహానికి శనగగింజంత చాలు. కనిపించే మొటిమకే కాకుండా అంతటా రాయాలి, కొత్తవి పుట్టేది అక్కడే. కొంతకాలం డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ మాత్రలు కూడా వాడాను. నిండా నీళ్లతో మింగాలి, వెంటనే పడుకోకూడదు, ఎండకు జాగ్రత్తపడాలి.

మొదట్లో ముక్కు పక్కన పొట్టు లేచింది, మొహం మండింది. బెంజాయిల్ పెరాక్సైడ్ అంటి నీలం తువ్వాలు మీద తెల్లటి మచ్చలు పడ్డాయి. మానేద్దామనిపించినప్పుడు మందు గుణం కనిపించడానికి మేడమ్ చెప్పిన 12 వారాలు గుర్తు చేసుకునేదాన్ని. మూడో నెలకు గడ్డలు కరిగాయి. నల్ల మచ్చలు సన్‌స్క్రీన్ రాస్తూ ఉంటే నెమ్మదిగా వెలిశాయి. గిల్లిన చోట పడ్డ రెండు గుంటలు మాత్రం అలాగే ఉన్నాయి. అడాపలీన్ ఇంకా రాస్తూనే ఉన్నాను, కొత్తవి లేవకుండా.