పరుపు కింద తడి

ఈ ఉదయం మా ట్రైలర్‌లో, అంటే బండి వెనక తగిలించి లాక్కెళ్ళే చిన్న ఇంట్లో, పరుపు ఎత్తి చూసేసరికి, అడుగున ఉన్న ప్లైవుడ్ బల్ల మీద పెట్టిన నా అరచేయి తడిసింది. పైకప్పు ఎక్కడా కారలేదు. అమెరికా తూర్పున ఉన్న బ్లూ రిడ్జ్ కొండల చలికి మేమిద్దరం రాత్రంతా కిటికీలు మూసుకుని పడుకోవడంతో, మా ఊపిరిలోని ఆవిరి, ఒంటి చెమట ఫోమ్ గుండా కిందికి దిగి, చల్లటి బల్లకు తగిలి నీరయ్యాయి.

ఆ పరుపు నేను ఎంతో ఇష్టంగా చేసుకున్నది. దుకాణాల్లో ఇద్దరు పడుకునే మామూలు క్వీన్ సైజు పరుపు 80 అంగుళాల పొడవు ఉంటుంది, మా బల్ల 75 అంగుళాలే. అందుకని 4 అంగుళాల మందం ఫోమ్ తెచ్చి, కొలతకు సరిపడా నేనే కోసుకున్నాను. కూర్చునే మెత్తలకు మాత్రం ఫోమ్‌ను గలీబు కన్నా అర అంగుళం పెద్దదిగా కోయాలని, మొదటిది వదులై ముడతలు పడిన తరువాతే తెలిసింది.

మధ్యాహ్నమంతా కూర్చుని, పరుపు కింద గాలి ఆడేలా బల్ల మీద సన్నటి చెక్క పట్టీలను రెండేసి అంగుళాల ఎడంతో బిగించాను. ఫోమ్‌ను ఎండలో నిలబెట్టి ఆరబెట్టాను.

పైన అమ్మ తన పాత నేత చీరలతో కుట్టి పంపిన బొంత పరిచాను. నూలు చెమటను పీల్చుకుంటుంది, ఫోమ్ లాగా వీపును వేడెక్కించదు. అంచున ఆమె వేసిన ఎర్రదారం కుట్లు కొంచెం వంకరగా ఉన్నాయి, పడుకునే ముందు ప్రతి రాత్రీ వాటిని వేలితో తడుముతాను.

ఈ రాత్రి కిటికీ ఒకటి వేలెడంత తెరిచి ఉంచుతాం. తెల్లవారగానే పరుపు మళ్ళీ ఎత్తి చూస్తాను.