పక్ ఆపడం వచ్చింది, ఆపాక ఏం చేయాలో ఎవరూ చెప్పలేదు

నిన్న రాత్రి ఐస్ హాకీ మ్యాచ్‌లో మా టీమ్ ఓడిపోయింది. కానీ రిబౌండ్ మీద, అంటే నేను ఆపాక ఎగిరి వెనక్కి పడ్డ పక్‌ని (హాకీ బిళ్ళని) మళ్ళీ కొట్టి, నాకు ఎవరూ ఒక్క గోల్ కూడా వేయలేదు. ఈ సంబరం ఇంట్లో చెబితే మా ఆవిడ "ఓడిపోయి వచ్చి ఆ నవ్వేంటండీ?" అంది. ఆవిడకి చెప్పలేనిదంతా ఇక్కడ రాస్తున్నా.

మేముండేది కెనడాలో, మిస్సిసాగాలో. ఇక్కడ పెద్దవాళ్ళ ఐస్ హాకీ లీగుల్లో గోలీలకు, అంటే గోల్‌కీపర్లకు, ఎప్పుడూ కరువే. సామాను కొనుక్కుని నెట్ ముందు నిలబడతానంటే కాదనేవాడు లేడు. స్కేటింగ్ ఏదోలా వచ్చేసింది. మోకాళ్ళ మీద కూలబడి రెండు కాళ్ళూ పక్కలకు పరిచే బటర్‌ఫ్లై కూడా వచ్చింది. 1980ల్లో మాంట్రియల్‌లో గోలీ ప్యాట్రిక్ రువా ఆడినప్పటి నుంచీ పిల్లల దగ్గర్నుంచి అందరూ నేర్చుకునేది అదే. ఇక గ్లవ్‌తో పట్టడమంటారా, గుంటూరులో కాలేజీకి వికెట్ కీపింగ్ చేసినవాణ్ణి. దాని గురించి నాకెవరూ చెప్పక్కర్లేదు.

చిక్కంతా కింద నుంచి వచ్చే షాట్లతోనే. పక్ అంటే అంగుళం మందాన 170 గ్రాముల దాకా బరువుండే గట్టి రబ్బరు బిళ్ళ. పాతకాలంలో తోలు ప్యాడ్లలో జింక వెంట్రుకలు కూరేవారు, తగిలిన పక్ అక్కడే చచ్చి పడేది. ఇప్పుడన్నీ ఫోమ్. ఎంత జోరుగా తగిలితే అంత జోరుగా వెనక్కి పోతుంది. ఎటు పోతుందో మనం చూసుకోకపోతే ఎదుటివాడు చూసుకుంటాడు.

ఇది నేర్చుకుందామనే డబ్బు కట్టి ఒక గోలీ క్లినిక్‌లో చేరా. కోచ్ దూరం నుంచి కిందుగా షాట్ కొట్టాడు. నా ముందు పదకొండేళ్ళ కుర్రాణ్ణి నిలబెట్టాడు. నేను ఆపిన ప్రతి పక్కూ నేరుగా వెళ్ళి వాడి స్టిక్ మీదే పడింది, వాడు తీరిగ్గా నెట్‌లో వేశాడు. మొదట్లో గోల్ వేసినప్పుడల్లా స్టిక్ పైకెత్తి అరిచేవాడు. తర్వాత అరవడం మానేశాడు. చివరికి విసుగొచ్చి, అవతలి నెట్ దగ్గరికి వెళ్ళొచ్చా అని కోచ్‌ని అడిగాడు! అద్దం వెనక తల్లిదండ్రులు కాఫీ తాగుతూ చూస్తున్నారు, వాళ్ళలో మా అమ్మాయి స్నేహితురాలి నాన్న ఒకడు. కోచ్ వచ్చి "నువ్వు ఆపట్లేదు, వాడికి పాసులిస్తున్నావు" అన్నాడు. మరి ఎలా ఆపాలి అంటే "రిబౌండ్ కంట్రోల్ చెయ్" అన్నాడు. అదెలా అనే కదా నేనడిగింది! "ప్రాక్టీస్" అనేసి పక్కవాడి దగ్గరికి వెళ్ళిపోయాడు. డబ్బు తీసుకుని సమస్య పేరే మళ్ళీ మనకు చెప్పడం కూడా ఒక వృత్తే కాబోలు.

గుట్టు విప్పింది పొద్దున్నే సరదాగా ఆడుకునే చోట పరిచయమైన ఒక రిటైరైన పెద్దాయన. ఆయన ముందు నన్ను చూడలేదు, నా స్టిక్ చూశాడు. షాపువాడు నా ఎత్తు మాత్రమే చూసి 27 అంగుళాల ప్యాడిల్ (బ్లేడ్ పైన ఉండే వెడల్పాటి భాగం) ఉన్న స్టిక్ అంటగట్టాడు. వంగి నిలబడితే స్టిక్ కింద ఉండే బ్లేడ్ ముందు కొస ఐస్ మీద నుంచి లేస్తోంది. ఇక దాంతో పక్‌ని పక్కకు తిప్పేదెక్కడ? ఎత్తు కాదు, మీరు నిలబడే తీరు చూసి కొనండి. షాపులో స్కేట్లు వేసుకుని వంగి చూసుకోండి, నవ్వితే నవ్వనివ్వండి. నేను 25కి మారా.

తర్వాత ఆయన చూపించిందే అసలు పని. బ్లేడ్ పాదాలకు అడుగు ముందు ఉండాలి. షాట్ పక్కకు వస్తే బ్లేడ్‌ని అడ్డంగా జరపకూడదు, ఒంటి చుట్టూ విల్లులా తిప్పాలి. అప్పుడు పక్ బ్లేడ్ మీదుగా జారి కార్నర్‌కి పోతుంది. ముందు తల తిరగాలి, స్టిక్ దాని వెనకే రావాలి. పక్ తగిలేదాకా చూపు తిప్పకూడదు. ఛాతీకి వచ్చేదానికి మాత్రం కీపింగే పనికొచ్చింది. బంతితో పాటు చేతులు వెనక్కి లాగినట్టు, భుజాలు ముందుకు ముడిచి పక్‌ని పొట్టలోకి తీసుకోవాలి. ఛాతీ విరుచుకున్నారా, స్లాట్‌లో, అంటే నెట్‌కి ఎదురుగా, ఉన్నవాడికి బహుమతే.

ఇంత చేసినా కొన్ని ముందుకే పడతాయి. అప్పుడు పక్ ఉన్న వైపుకి అవతలి కాలు లేపి నెట్టుకుంటూ పోవాలి, అందితే గ్లవ్ కింద కప్పేయాలి. ఎవరూ మీదికి రానప్పుడు ఊరికే కప్పితే రిఫరీ రెండు నిమిషాల పెనాల్టీ ఇవ్వొచ్చు. అయినా మొదటి షాట్ గోలీది, రెండోది డిఫెన్స్‌ది. మావాళ్ళు మాత్రం నిలబడి చూస్తారు, బెంచ్ మీదికెళ్ళి నన్ను తిడతారు.

బ్లాకర్ (స్టిక్ పట్టుకునే చేతికి ఉండే పలకలాంటి గ్లవ్) వైపు ఎత్తులో వచ్చేవి ఇంకా మధ్యకే పడుతున్నాయి. మణికట్టు బయటికి తిప్పమన్నాడాయన. రోజూ బేస్‌మెంట్‌లో గోడకేసి టెన్నిస్ బంతి కొట్టి దాన్ని బ్లాకర్‌తో మూలకి పంపుతున్నా. పక్కింటివాళ్ళు ఇప్పటికే ఒకసారి తలుపు కొట్టారు.